కపొరెట్టో చూడకుండా కపొరెట్టో రాయొచ్చా?

పాతపుస్తకం:
అమెరికన్ రచయిత హెమింగ్వే నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' (1929) మీద మైకేల్ రేనాల్డ్స్ 1976లో తెచ్చిన పరిశోధన గ్రంథం పూర్తిచేశాను. ఆ నవలకి ఆయువుపట్టు మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 అక్టోబరులో కపొరెట్టో దగ్గర ఇటలీ సైన్యం చెదిరిపోయి వెనక్కి మళ్ళిన ఘట్టం. వాన, బురదలో దిగబడ్డ బళ్ళు, తాల్యమెంతో నది వంతెన దగ్గర సొంత ఆఫీసర్లనే పక్కకి లాగి కాల్చేస్తున్న మిలిటరీ పోలీసులు. అప్పటికి హెమింగ్వే ఇటలీలో లేనే లేడు. అమెరికాలో కాన్సస్ సిటీ స్టార్ పత్రికలో కొత్త రిపోర్టరు. ఇటలీ వెళ్ళింది 1918 జూన్‌లో, అదీ రెడ్‌క్రాస్ అంబులెన్స్ డ్రైవర్‌గా. ఆ దారంతా మ్యాపులు, యుద్ధ చరిత్రలు ముందు పెట్టుకుని రాశాడని రేనాల్డ్స్ చూపించాడు. నాకైతే గౌరవం రెట్టింపైంది. చూడనిదాన్ని చూసినట్టు రాయడమే కదా నవలాకారుడి పని. మీరేమంటారు?

సుబేదారుగారబ్బాయి:
మోసాన్ని మెచ్చుకోమంటారా? మా నాన్నగారు 71 యుద్ధంలో ఉన్నారు. ఇంట్లో ఆ ఊసే ఎత్తరు. ఒకసారి ఏదో వారపత్రికలో సైనికుడి కథ వచ్చింది. గుళ్ళు దూసుకొస్తుంటే జవాను నిలబడి అమ్మ ఉత్తరం గుర్తుచేసుకుంటాడు. నాన్నగారు సగం చదివి పత్రిక బోర్లా పెట్టేసి, "నిలబడ్డవాడు ఇంక దేన్నీ గుర్తుచేసుకోడు" అన్నారు. అక్కడ లేనివాడి రాత అలాగే ఉంటుంది. 1917 ఎక్కడ, 1918 ఎక్కడ?

శ్రీను కరీంనగర్:
మరి స్టీఫెన్ క్రేన్? అమెరికా అంతర్యుద్ధం ముగిసిన ఆరేళ్ళకి పుట్టాడు కదన్నా.

పాతపుస్తకం:
అదే చెప్పబోతున్నా శ్రీనూ. ఆ అంతర్యుద్ధం మీద రాసిన నవల 'ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్' 1895లో వచ్చేనాటికి క్రేన్ ఒక్క యుద్ధమూ చూడలేదు. 1942లో యుద్ధ కథల సంకలనం కూర్చినప్పుడు ఆ నవల మొత్తాన్నీ అందులో చేర్చింది హెమింగ్వేనే. పైగా ఈయనకి యుద్ధం బొత్తిగా తెలియదనడం అన్యాయం. 1918 జూలై 8న ఇటలీలోని ఫొసాల్టా దగ్గర సైనికులకి చాక్లెట్లు, సిగరెట్లు పంచుతుండగా మోర్టార్ గుండు పడి కాళ్ళనిండా ముక్కలు దిగాయి. పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. 1922లో విలేకరిగా టర్కీ వైపు తూర్పు త్రేస్‌లో వానలో తడుస్తూ బళ్ళతో నడిచిపోతున్న శరణార్థుల్ని చూశాడు. కపొరెట్టో వానలో ఆ వాన కొంత కలిసిందని నా నమ్మకం.

సుబేదారుగారబ్బాయి:
క్రేన్ పోరాడానని చెప్పుకున్నాడా? హెమింగ్వే ఇంటికెళ్ళి ఇటలీ సైన్యంలో పోరాడానని ఊళ్ళో ఉపన్యాసాలిచ్చాడు. ముందు దీనికి జవాబు చెప్పండి.

లలిత రాజమండ్రి:
మీరిద్దరూ తేదీలు పట్టుకుని వేలాడుతున్నారు. ఆగ్నెస్ వాన్ కురోవ్‌స్కీ ఎవరికీ గుర్తు రాలేదా? మిలాన్ ఆసుపత్రిలో ఆయనకి సేవచేసిన నర్సు, ఏడేళ్ళు పెద్దది. 1919 మార్చిలో పెళ్ళి కుదరదని ఉత్తరం రాసింది. పదేళ్ళకి ఆయన నవలలో నర్సు కేథరిన్ ప్రసవంలో చచ్చిపోతుంది. మా అక్క కాదన్న సంబంధం మీద ఆ అబ్బాయి కథ రాసి అచ్చేయించాడు. కథలో అక్క రైలు కింద పడుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా అడిగారు.

పాతపుస్తకం:
లలితగారూ, మీ అక్కగారి బాధ బాధే. కానీ కేథరిన్ అంటే ఆగ్నెస్ ఒక్కతే కాదు. 1928లో రెండో భార్య పాలీన్‌కి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, ఆ భయం కూడా అందులో ఉంది. కథను కథగా చూడాలి.

లలిత రాజమండ్రి:
కథను కథగా చూడమని మా అమ్మకి చెప్పండి మాస్టారూ! ఎవరి బతుకూ తాకని మీలాంటివాళ్ళకి అది సులువు.

పాతపుస్తకం:
నా బతుకూ తాకింది. చేనేతవాళ్ళ మీద నేను రాసిన కథని, మీరు మగ్గం ముందు కూర్చున్నవారు కాదు కదా అని ఉత్తరం రాసి ఓ పత్రికవాళ్ళు తిప్పి పంపారు. కథ చదివి బాగాలేదంటే ఒప్పుకునేవాణ్ణి. చదవకముందే కులం అడిగారు! అక్కడ ఉన్నవాడే రాయాలంటే నాలాంటివాడు కలం మూసేసుకోవాలి. సుబేదారుగారబ్బాయి మాట నాకు ఆ ఉత్తరంలాగే వినిపిస్తోంది.

సుబేదారుగారబ్బాయి:
కులం నేను అడగలేదు. రాయొద్దని కూడా అనడం లేదు. నాన్నగారు నాకే చెప్పనిదాన్ని ఎవరో సొంత అనుభవంలా చెప్పుకుని చప్పట్లు కొట్టించుకుంటే ఒళ్ళు మండుతుంది. నా కోపం ఆ ఉపన్యాసాల మీద.

పాతపుస్తకం:
ఇప్పుడు అసలు మాటకొచ్చారు. ఉపన్యాసాల్లో చెప్పింది అబద్ధమే, నేను వెనకేసుకురాను. కానీ నవల తెరిచి చూడండి. గాయపడ్డ కథానాయకుడు ఫ్రెడరిక్ ఆసుపత్రి మంచం దగ్గరికి స్నేహితుడు రినాల్డి వచ్చి, ఏదైనా వీరకార్యం చేశానని చెప్పు, వెండి పతకం ఇప్పిద్దాం అంటాడు. ఫ్రెడరిక్ ఒప్పుకోడు. చీజ్ తింటుండగా గుండు పడిందంటాడు. ఊళ్ళో చెప్పలేని నిజం అక్కడ చెప్పాడు.

సుబేదారుగారబ్బాయి:
ఆ పేజీ మాత్రం నాన్నగారు బోర్లా పెట్టరు. ఉపన్యాసాల సంగతిలో నా మాట మారదు.

లలిత రాజమండ్రి:
ఆయన తన గురించి నిజం చెప్పుకున్నాడు, సంతోషం. ఆగ్నెస్ సంగతి? పెద్దవయసులో కూడా ఇంటికొచ్చిన పరిశోధకులకి నేను కేథరిన్‌ని కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ బతుకు ఆవిడే రుజువు చేసుకోవాలా? ఎవరైనా జవాబివ్వండి.