కుక్కకు రోజూ పప్పన్నం పెట్టవచ్చా?

మా ఇంట్లో నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది, బరువు 31 కిలోలు. పొద్దున పెరుగన్నం, రాత్రి పప్పన్నం, వారానికి మూడు రోజులు ఉడికించిన కోడిమాంసం. కందిపప్పో పెసరపప్పో మెత్తగా ఉడికించి, ఉప్పు, పోపు పడకముందే దాని వాటా తీసి పక్కన పెడతాం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హానికరం కాబట్టి సాంబారు జోలికి పోనివ్వం. కుక్కర్ మొదటి కూతకే వచ్చి తన గిన్నె ముందు కూర్చుంటుంది.

ఇన్నాళ్లూ నాకు ఏ అనుమానమూ లేదు. మొన్న అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఫోనులో భయపెట్టింది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో, బఠానీలు, పప్పులు ఎక్కువగా ఉండే కుక్కల ఆహారానికీ, గుండె కండరం సాగి బలహీనపడే డీసీఎం జబ్బుకూ సంబంధం ఉందేమోనని పరిశీలన మొదలుపెట్టిందట. చదివి చూశాను. పప్పులే కారణమని తేల్చలేదు. పైగా ఎఫ్‌డీఏకు అందిన కేసుల్లో ఎక్కువ భాగం బియ్యం, గోధుమల వంటి ధాన్యాలు లేని పొడి ఆహారానివి. మా దాని గిన్నెలో అన్నమే ఎక్కువ. రెండింటినీ ఒకే గాటన కట్టవచ్చా?

మా అత్తగారు మాత్రం "ఊళ్లో కుక్కలన్నీ ఏం తిని బతికాయి?" అని కొట్టిపారేస్తున్నారు.

ఇంత బరువున్న కుక్కకు రోజుకు ఎంత పప్పు మించకూడదు? గుండెకు అవసరమైన టారిన్ అనే పోషకం మాంసంలో ఉంటుంది, పప్పులో ఉండదు కదా, మూడు రోజుల కోడిమాంసం సరిపోతుందా? ఆయాసం, దగ్గు ఏమీ లేవు. అయినా గుండెకు స్కానింగ్ చేయించాలా? శనగలు మానేశాం. అవి తిన్న రాత్రి దానితో ఒకే గదిలో ఉండలేకపోయాం. అనుభవం ఉన్నవారు, పశువైద్యులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.