చికెన్‌లో మందులకి లొంగని బ్యాక్టీరియా, ఉడికిస్తే చస్తుందా?

ప్రశ్న: కోళ్లకి యాంటీబయాటిక్స్ తెగ వాడేస్తున్నారు, దాంతో మాంసంలో మొండి బ్యాక్టీరియా ఉంటోంది అంటున్నారు కదా, మరి బాగా ఉడికించి తింటే సరిపోదా? వేడికి కూడా చావదా ఏంటి అది?

జవాబు 1: చస్తుందండి. మందుని తట్టుకోవడం వేరు, వేడిని తట్టుకోవడం వేరు. ముక్క లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ తగిలితే సాల్మొనెల్లా అయినా ఈ.కొలై అయినా అవుట్. అసలు గొడవంతా పొయ్యి ఎక్కకముందే... పచ్చి చికెన్ ట్యాప్ కింద పెట్టి కడుగుతాం, తుంపర్లు సింక్ చుట్టూ పడతాయి, అదే కత్తితో కీరా కోసేస్తాం, అది పచ్చిగానే నోట్లోకి పోతుంది.

జవాబు 2: పైగా ఇది తిన్నవాళ్ళ గొడవ ఒక్కటే కాదు. ఈ మొండితనం తాలూకు జీన్ ప్లాస్మిడ్ మీద (అంటే బ్యాక్టీరియా లోపల విడిగా ఉండే చిన్న డీఎన్ఏ రింగు మీద) ఉంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో రకానికి దూకేస్తుంది. వేరే మందులేవీ పనిచెయ్యనప్పుడు డాక్టర్లు వాడే కొలిస్టిన్‌ ఉంది చూడండి, దానికి లొంగనివ్వని ఎంసీఆర్-1 జీన్ అలా ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 2015లో చైనాలో బయటపెట్టారు, పచ్చి మాంసంలోనూ దొరికింది, హాస్పిటల్ పేషెంట్లలోనూ దొరికింది. జబ్బు లేని కోళ్లకి ఊరికే మేతలో మందు కలపడం మానెయ్యమని 2017లో డబ్ల్యూహెచ్ఓ చెప్పింది కూడా.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నేను రోజూ ట్యాప్ కిందే కడుగుతున్నా 😬