చలి, తడి, ఉప్పుగాలి: డెక్‌కి సాలిడ్ స్టెయినా, ఆయిల్ స్టెయినా?

తడిమెట్లు:
సముద్రం పక్కనే ఇల్లు. ఎండ వచ్చేదే తక్కువ, వచ్చినా వేడి ఉండదు. నాలుగేళ్ల క్రితం పైన్ చెక్క డెక్‌కి (ఇంటి బయట పలకలతో కట్టిన అరుగు) సాలిడ్ స్టెయిన్ (చెక్కకి పూసే రంగు) రెండు కోటింగులు వేశాను. రెండో శీతాకాలం దాటేసరికి పెచ్చులు లేచాయి. ఇప్పుడు గోటితో లాగితే పాము కుబుసంలా పొర పొర వచ్చేస్తోంది. కింద చెక్క నల్లగా, చెమ్మగా ఉంది. అంతా గీకేసి కొత్తగా వేయాలి. మళ్లీ సాలిడేనా, చెక్కలోకి ఇంకే ఆయిల్ స్టెయిన్‌కి మారాలా?

చేవకలప:
మారండి. సాలిడ్ అన్నది పేరుకే స్టెయిన్, నిజానికి పల్చటి పెయింటు. పైన పొర కడుతుంది. నీళ్లు ఆ పొర మీద నుంచే రావాలని రూలేం లేదుగా! స్క్రూ రంధ్రాల్లోంచి, పలక అడుగు నుంచి, అన్నిటికంటే ఎక్కువగా కోసిన కొసల్లోంచి ఎక్కుతాయి. చెక్కలో నార వెంబడి నీరు పాకే వేగం అడ్డంగా పాకేదానికంటే ఎన్నో రెట్లు. ఆ చెమ్మ ఆవిరై పైకి రాబోతే పొర అడ్డం. దాన్ని తోసుకుని వస్తుంది. మీ పెచ్చులు అవే. చెక్కలోకి ఇంకే స్టెయినూ పాడవుతుంది, కాదనను. కానీ వెలిసిపోతుంది తప్ప ఊడదు. కడిగి, ఆరనిచ్చి మళ్లీ వేసుకోవడమే, గీకుడు ఉండదు.

బూజుబాధితుడు:
సరిగ్గా ఈ సలహా వినే నేను మునిగాను. అవిసె నూనె ఉన్న ఆయిల్ స్టెయిన్ వేశాను. ఆరు నెలల్లో నీడ పడే వైపంతా నల్లటి చుక్కలు. తుడిస్తే పోతాయి, మూడు వారాలకి మళ్లీ హాజరు. అవిసె నూనె బూజుకి మేత అని తర్వాత తెలిసింది. వాటర్ బేస్డ్ అక్రిలిక్ సాలిడ్‌తో ఆ గోల తక్కువ, రంగు పదార్థం ఎక్కువ కాబట్టి ఎండ నుంచి కాపూ ఎక్కువ. తడిమెట్లు గారూ, తప్పు డబ్బాలో లేదు. వేసేముందు చెక్కలో తేమ కొలిచారా?

తడిమెట్లు:
లేదండీ. చేత్తో తాకి చూశాను, పొడిగానే అనిపించింది.

బూజుబాధితుడు:
దొరికింది దొంగ. పైకి పొడిగా ఉన్న పలక లోపల 25 శాతం తేమ ఉండొచ్చు. మీటర్‌లో 15 లోపు వచ్చేదాకా ఏ స్టెయినూ వేయకూడదు.

చేవకలప:
తేమ సంగతి ఒప్పుకుంటా. అవిసె నూనె సంగతీ ఒప్పుకుంటా, బూజు మందు కలిపింది చూసి కొనాలి. కానీ బూజు వేరు, కుళ్లు వేరు. బూజు కంటికి అసహ్యమే కానీ చెక్క బలాన్ని తినేయదు. కుళ్లు పుట్టించే శిలీంధ్రానికి చెక్కలో దాదాపు 30 శాతం తేమ కావాలి. పొర కింద ఇరుక్కున్న నీరు దానికి కావలసిందే ఇస్తుంది. 15 దగ్గరే వేశారనుకుందాం, వచ్చే వానలకి కొసల్లోంచి నీరు ఎక్కదని హామీ ఇస్తారా?

బూజుబాధితుడు:
కొసలకి కూడా బాగా పట్టిస్తే చాలావరకు ఎక్కదు. ఎవరూ పట్టించరు, అది వేరే సంగతి.

వెండిబూడిద:
మాది సెడార్. ఏమీ వేయలేదు. బూడిద రంగుకి తిరిగింది, బాగానే ఉంది. ఎందుకింత టెన్షన్?

చేవకలప:
సెడార్ చేవకి కుళ్లుని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుంది. పైన్‌కి అంత లేదు.

చేతిపని:
డబ్బా కోసం కొట్టుకుంటున్నారు కానీ కడగడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. దాని మీద ఏం వేసినా సరిగా పట్టదు. ముందు మంచినీళ్లతో బాగా కడగండి. మురికికి సోడియం పెర్‌కార్బొనేట్, ఆ తర్వాత నల్లమరకలకి ఆక్సాలిక్ యాసిడ్ (గ్లవ్స్ వేసుకుని). క్లోరిన్ బ్లీచ్ వద్దు, నారని తినేస్తుంది. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టినా నార బొచ్చులా లేస్తుంది. ఆరాక నాలుగు నీటిచుక్కలు వేసి చూడండి. ముత్యాల్లా నిలబడితే పాత స్టెయిన్ ఇంకా లోపల ఉన్నట్టే.

పగలు 10 డిగ్రీలు దాటే రోజు చూసుకుని, మధ్యాహ్నానికల్లా ముగించండి. సాయంత్రం మంచు, ఇంకా ఆరని స్టెయిన్ మీద కూర్చుంటే పని పాడైనట్టే. ఆయిల్ స్టెయిన్ అయితే ఇంకకుండా మెరుస్తున్నదాన్ని పావుగంటలో తుడిచేయండి, లేకపోతే నెలల తరబడి జిడ్డుగా అంటుకుంటుంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఇనుప డబ్బాలో మూతపెట్టండి.

తడిమెట్లు:
మీటర్ తెచ్చాను. పలక మధ్యలో 14. కొసల దగ్గర 22! వేసవి చివరిదాకా ఆగుతాను. నేల పలకలకి బూజు మందు కలిసిన ఆయిల్ స్టెయిన్. నిలువు కమ్మీల మీద నీళ్లు నిలవవు కాబట్టి వాటికి సాలిడ్.

బూజుబాధితుడు:
నేలకే సాలిడ్ వేయమన్నాను నేను! సరే, రెండేళ్ల తర్వాత ఫోటో పెట్టండి.