రొయ్యల చెరువుల గురించి బ్లాగులో రాస్తే పరువు నష్టం కేసు నిలబడుతుందా?

మాది అమలాపురం వైపు. ఊరి సంగతులు బ్లాగులో రాస్తుంటాను. దాళ్వా (రెండో పంట వరి) చేల పక్కనే రొయ్యల చెరువులు తవ్వేశారు. ఉప్పు ఊట దిగి గట్టు వెంబడి వరి కొసలు ఎండిపోతున్నాయి, మడి ఆరితే తెల్లటి పొర తేలుతోంది. ఇదే ఫొటోలతో రాశాను, ఎవరి పేరూ పెట్టలేదు. గల్ఫ్‌లో ఉన్న మా ఊరివాళ్లు చదివి ఇళ్లకు ఫోన్లు చేశారు. అరుగుల మీద ఏళ్లుగా నలుగుతున్న విషయం అప్పటికి గానీ పంచాయతీ దాకా వెళ్లలేదు! వెంటనే ఒక చెరువు యజమాని (వరసకు బాబాయే) "తీసేస్తావా, పరువు నష్టం కేసు వెయ్యమంటావా" అన్నారు. నాన్నకి ఒకటే టెన్షన్.

ఆన్‌లైన్ రాతలపై కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పరువు నష్టం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356వ సెక్షన్‌లో, ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికి మినహాయింపు ఉంది. కానీ ఫొటోలో షెడ్డు చూసి ఫలానావాళ్లదని ఊరంతా గుర్తుపడితే పేరు పెట్టినట్టేనా? నిజమని నిరూపించాల్సింది నేనేనా? చెరువుకు అనుమతి ఉందో లేదో సమాచార హక్కు కింద ఎవరిని అడగాలి, మత్స్యశాఖనా, తహసీల్దారునా? ఇలాంటివి ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి. పోస్టు ఇంకా తీయలేదు.