అప్‌డేట్: నట్టల మందు వేసినా ఆవులు చిక్కిపోతున్నాయని అడిగాను కదా

బెంగళూరు పక్కన హోసకోటె దగ్గర మా నాలుగు ఆవుల గురించి అడిగింది నేనే. ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు వేసినా పారుడు ఆగలేదు. పేడ శాంపిల్ హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో ఇస్తే కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) గుడ్లు కనిపించాయి! ఆ మందు జలగ మీద పనిచేయదట. డాక్టరుగారు టేపుతో ఛాతీ కొలిచి బరువు అంచనా వేసి, దాన్ని బట్టి ఆక్సీక్లోజనైడ్ అనే జలగ మందు తాగించారు. అది పెద్ద జలగల్నే చంపుతుంది, పిల్లవి మిగులుతాయి, అందుకే మళ్లీ వేయాలి. ఎర్రావుకి దవడ కింద సంచిలా వేలాడిన నీరు తగ్గింది, వేలితో నొక్కితే ఇప్పుడు గుంట పడట్లేదు. ఎంత ఊరటో!

అసలు చిక్కు చెరువు దగ్గరే. జలగ పిల్లలు అక్కడి నత్తల్లో పెరిగి, నీటి అంచున గడ్డికి అంటుకుంటాయి. అటు మేపడం మానేశాం, తాగడానికి బోరు నీళ్లే. పేడ పరీక్ష చేయించమన్న అన్నకు చాలా థ్యాంక్స్.