కప్ప కర్ణభేరి, తొండ కర్ణభేరి ఒకటేనా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థి, హన్మకొండ
సార్, ఎల్లుండి జువాలజీ పరీక్ష. నా దగ్గరున్న గైడ్‌ల "కర్ణభేరి మొదట ఉభయచరాల్లో పుట్టి, వాటి నుంచి సరీసృపాలకు, క్షీరదాలకు వచ్చింది" అని ఉంది. క్లాసుల మా సారు అది తప్పన్నడు. ఏది రాయాలె? పాము చెవిటిదంటరు, అది నిజమేనా?

జవాబు: జూనియర్ లెక్చరర్, వరంగల్
తమ్మీ, మీ సారు చెప్పిందే కరెక్టు. మేము చదువుకున్నప్పుడు కూడ గైడ్‌ల ఉన్నట్టే చెప్పిన్రు. ఎముక ఒక్కటే, భేరి మాత్రం ఎవరిది వాళ్లకే వచ్చింది.

చేపల్లో దవడను పుర్రెకు ఆనించే హయోమాండిబులర్ ఎముకే కప్పల్లో, తొండల్లో కర్ణస్తంభిక (భేరి అదురును లోపలి చెవికి మోసే పుల్ల), మన చెవిలో అంకవన్నె (స్టేపిస్) ఎముక. అయితే గ్రీన్‌లాండ్‌ల దొరికిన అకాంతోస్టెగా అనే తొలి నాలుగు కాళ్ల జంతువు శిలాజం చూడు, సుమారు 36 కోట్ల ఏండ్ల నాటిది. దాంట్ల ఈ ఎముక పొట్టిగ, మొద్దుగ ఉందని 1989ల శిలాజాల శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ చూపించింది. పల్చటి భేరి కదలికను మోసే పుల్ల కాదది, పుర్రెకు ఊతమిచ్చే దూలం. తొలి సరీసృపాల్లో కూడ అది బరువుగనే ఉండె, అంటే భేరి ఆ తర్వాతనే వేరువేరుగ వచ్చిందన్నట్టు.

ఇంకా నమ్మకం గావాలంటే భేరి దేనికి బిగిసి ఉందో చూడు. వాన పడ్డ రాత్రి గోడ పక్కన కూసున్న కప్ప మీద లైటు వెయ్యి, కంటి వెనుక గుండ్రటి తోలు బిళ్ల కనిపిస్తది. దాని చుట్టు మృదులాస్థి రింగు ఉంటది. కంచె మీది తొండల అయితే భేరి క్వాడ్రేట్ (కింది దవడ ఆనే పుర్రె ఎముక) వెనుక అంచుకు బిగిసి ఉంటది. మనకేమో పూర్వీకుల కింది దవడ నుంచి వచ్చిన ఎముకకు. ఒకరి నుంచి ఒకరికి వచ్చిన సొత్తయితే మూడు ఇండ్లల్ల మూడు తీర్ల గుంజలకు ఎట్ల కడ్తరు?

అవసరం మాత్రం అందరిదీ ఒక్కటే. గాలిల వచ్చే శబ్దం నీళ్లకు తగిలితే వెయ్యిల ఒక వంతే లోపలికి పోతది, మిగతాదంత వెనుకకు మళ్లుతది. లోపలి చెవిల ఉన్నది ద్రవమే. పెద్ద భేరి మీద పడ్డ ఒత్తిడిని చిన్న రంధ్రం మీదికి కూడగట్టాలె. మధ్య చెవి చేసే పని అదే.

ఇంకొక సభ్యుడు, నర్సంపేట దిక్కు
పాము సంగతి కూడ చెప్పుండ్రి సార్. మా నాయిన చీకట్ల పొలం పోతే కట్టెతోని నేల కొట్టుకుంట నడుస్తుండె.

జవాబు:
మీ నాయిన చేసింది సబబే. పాముకు భేరి లేదు, మధ్య చెవి గది లేదు. కర్ణస్తంభిక మాత్రం ఉంది, అది క్వాడ్రేట్‌కు ఆనుకొని ఉంటది. దవడ నేలకు ఆనినప్పుడు నేల అదురు అట్లనే లోపలి చెవికి పోతది. గాలిల వచ్చే తక్కువ పౌనఃపున్యం శబ్దాలు కూడ కొంత వింటది. కాబట్టి తమ్మీ, చెవిటిదని రాయకు.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
చాన థ్యాంక్స్ సార్. బొమ్మ ఏది గీయాలె?

జవాబు:
కప్పది, తొండది పక్కపక్కన గీయి. తొండ కర్ణస్తంభికను రెండు ముక్కలుగ చూపియ్యి: లోపలి చివర ఎముక, భేరికి తగిలే చివర మృదులాస్థి. చాన మంది ఒక్కటే గీత గీసి ఊకుంటరు.