సినిమా చూసి మా బాబు అడిగిన మాటకు ఏం చెప్పాలి?

నమస్కారమండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా బాబుకి 11 ఏళ్లు. వాడిని దత్తత తీసుకున్నామని చిన్నప్పుడే చెప్పాం. సూపర్‌హీరోలంటే వాడికి ప్రాణం. మొన్న వాళ్ల పెద్దమ్మ కొడుకుతో కలిసి 2019లో వచ్చిన 'బ్రైట్‌బర్న్' చూశాడట. పిల్లల్లేని రైతు దంపతులకి ఆకాశం నుంచి పడ్డ బిడ్డ దొరుకుతాడు. అక్కడిదాకా సూపర్‌మ్యాన్ కథే. 12 ఏళ్లొచ్చాక శక్తులు బయటపడి, పెంచినవాళ్లనే చంపేస్తాడు. పెద్దవాళ్ల కోసం తీసిన హారర్ అది.

అప్పట్నుంచి రాత్రిళ్లు నా పక్కనే పడుకుంటున్నాడు. నిన్న 'అమ్మా, 12 వస్తే నేనూ అలా మారిపోతానా?' అన్నాడు. దగ్గరికి తీసుకున్నాను కానీ నోట మాట రాలేదు. వచ్చే నెలలోనే వాడి పుట్టినరోజు. చాలా టెన్షన్‌గా ఉంది. దత్తత పిల్లల్ని పెంచినవాళ్లు ఉంటే, ఇలాంటప్పుడు మీరేం చెప్పారు? కౌన్సెలర్‌కి చూపించాలా?